ఒక్క బ్యారెల్ కూడా ఆగకముందే చమురు ధర ఎందుకు పెరుగుతుంది?

పెద్ద దేశాల మధ్య ఉద్రిక్తత వార్త రాగానే, సరఫరా ఏమీ తగ్గకుండానే ధర పెరగడం వ్యాపారుల కుట్ర కాదా, నిల్వలున్న దేశాలు దాన్ని ఎందుకు ఆపలేవు అని అడిగారు.

వ్యాపారులకు లాభాపేక్ష లేదని నేననను. కానీ ముడి చమురు ట్యాంకర్లను అద్దెకు కుదిర్చే విభాగంలో చాలాకాలం పనిచేసినవాడిగా చెబుతున్నాను, కుట్ర అనుకుంటే అసలు కారణం కనబడదు.

2019 మే 12న ఎమిరేట్స్‌లోని ఫుజైరా రేవు తీరానికి చేరువలో నాలుగు నౌకలపై దాడి జరిగింది. జూన్ 13న ఒమన్ సింధుశాఖలో మరో రెండింటిపై జరిగింది. చమురు ఎప్పటిలాగే వస్తోంది, మా లెక్కలు మాత్రం తారుమారయ్యాయి. లండన్‌లో నౌకా బీమాదారుల ప్రతినిధులుండే జాయింట్ వార్ కమిటీ ఒక ప్రాంతాన్ని ప్రమాదకర జాబితాలో చేర్చిందంటే, అక్కడికి వెళ్లే ప్రతిసారీ నౌక విలువలో ఇంత శాతమని అదనపు బీమా కట్టాలి. అదీ సాధారణంగా ఏడు రోజులకే. పది కోట్ల డాలర్ల నౌకకు 0.5 శాతం అంటే ఐదు లక్షల డాలర్లు. వినడానికి పెద్ద మొత్తమే. కానీ అతి పెద్ద ట్యాంకర్ ఇరవై లక్షల బ్యారెళ్లు మోస్తుంది కాబట్టి, బ్యారెల్‌కు పడేది పావు డాలరు. నౌక అద్దె పెరిగినా ఆ భారం ఇలాగే పంచుకుపోతుంది. మరి ధర ఒక్కరోజులో అంతంత ఎందుకు ఎగబాకుతుంది?

రిఫైనరీలు ఈరోజు కొనేది కొన్ని వారాల తర్వాత నౌకకెక్కే చమురును. అప్పటికి దారి తెరిచే ఉంటుందా అన్న సందేహం రాగానే, ఆ దారితో పనిలేని చమురు కోసం అందరూ ఒకేసారి ఎగబడతారు. ఆ రోజుల్లో మాకు వచ్చే ఫోన్లన్నీ ఇంచుమించు ఇవే: వేరే రేవు నుంచి ఎత్తగలరా, ఎంతకైనా సరే.

కుట్రే అయితే యుద్ధం మొదలైతే ధర ఇంకా పెరగాలి కదా? 1991 జనవరి 17న ఇరాక్‌పై వైమానిక దాడులు మొదలైన రోజే ధర దాదాపు మూడోవంతు పడిపోయింది. సౌదీ చమురు క్షేత్రాలు దెబ్బతింటాయన్న భయం తగ్గింది, నిల్వలు విడుదల చేస్తామన్న ప్రకటనా తోడైంది. 2019 సెప్టెంబరు 14న సౌదీలోని అబ్‌ఖైక్ చమురు శుద్ధి కేంద్రంపై దాడితో రోజుకు 57 లక్షల బ్యారెళ్ల ఉత్పత్తి ఆగింది. మార్కెట్ తెరవగానే ధర ఎగిసింది, మరమ్మతులు వేగంగా సాగుతున్నాయని తెలిసి కొద్ది వారాల్లోనే దిగింది.

అవసరానికి అదనంగా తీయగల సామర్థ్యం ఎంత ఉందన్నదే కీలకం. చిక్కేమిటంటే అందులో ఎక్కువ భాగం సౌదీ, ఎమిరేట్స్ చేతుల్లో, అంటే గల్ఫ్ నుంచి బయటి సముద్రంలోకి వెళ్లే ఇరుకు దారైన హర్ముజ్ జలసంధికి లోపలే ఉంది. ఎర్ర సముద్ర తీరంలోని యాన్బూకు, జలసంధి బయట ఉన్న ఫుజైరాకు వెళ్లే పైపులైన్లు ఆ జలసంధిని తప్పిస్తాయి గానీ మొత్తం చమురును మోయలేవు.

ఇక నిల్వలు. 1974లో ఏర్పడిన అంతర్జాతీయ ఇంధన సంస్థ నియమం ప్రకారం సభ్య దేశాలు 90 రోజుల నికర దిగుమతులకు సమానమైన నిల్వ ఉంచాలి. 2022లో ఉక్రెయిన్ యుద్ధం తర్వాత ఆ దేశాలు రెండు విడతల్లో దాదాపు 18 కోట్ల బ్యారెళ్లు విడుదలకు అంగీకరించాయి. ప్రపంచం రోజుకు వాడేది సుమారు 10 కోట్లు. నిల్వలు లోటును కొన్నాళ్లు పూడుస్తాయి, భయాన్ని కొంత తగ్గిస్తాయి. అంతకుమించి ఆశించకూడదు.

శాశ్వతంగా పనిచేసింది వాడకం తగ్గించడమే. 1973లో ప్రపంచ విద్యుత్తులో దాదాపు పావు వంతు చమురుతో తయారయ్యేది. ఆనాటి చమురు సంక్షోభం దెబ్బ తర్వాత దేశాలు బొగ్గు, గ్యాస్, అణువిద్యుత్తు వైపు మళ్లాయి, ఇప్పుడది 3 శాతం దరిదాపుల్లో ఉంది. చమురు వాడకంలో సగానికి పైగా ఉన్న రవాణాలో మాత్రం ఆ మార్పు ఇప్పుడిప్పుడే మొదలైంది. ధర పెరిగినప్పుడు హడావిడి చేసి, తగ్గగానే ఆ పని పక్కన పెట్టే ప్రభుత్వాలను చూస్తే నాకు వ్యాపారుల మీదకన్నా వాటి మీదే ఎక్కువ కోపం వస్తుంది.