‘చాల’ అంటే చాలు కాదు: మా పిల్లకి మాటలొచ్చిన తీరు

ప్రశ్న: మేము రాయగడలో ఉంటాం. ఇంట్లో తెలుగు, బయట ఒడియా. బాబుకి రెండేళ్లు నిండబోతున్నాయి, మాటలు సరిగ్గా రావడం లేదు. రెండు భాషల వల్లే ఇలా అవుతోందని, ఏదో ఒకటే మాట్లాడమని అందరూ అంటున్నారు. ఏ భాష మానెయ్యాలి?

ఏదీ మానక్కర్లేదు. నేను డాక్టర్ని కాను, పర్లాకిమిడిలో ఒక ఆడపిల్ల తల్లిని. ఇప్పుడు దానికి నాలుగేళ్లు. కాసేపు నోరు మూసుకోమని బతిమాలాల్సి వస్తోంది. కానీ దాని ఇరవై రెండో నెలలో మా ఇంట్లో కూడా అచ్చం మీ ఇంట్లో ఉన్న టెన్షనే.

నేనూ మా ఆయనా తెలుగువాళ్లం. గోడ అవతల ఒడియా వాళ్లు. ఆ ఇంటావిడని మావుసి అని పిలుస్తాం, మన పిన్ని లాగా. నేను కుట్టు మిషన్ ముందు కూర్చున్నంతసేపూ పిల్ల మావుసి చంకలోనే. పెళ్లిళ్ల సీజన్‌లో అయితే దాన్ని కన్నది నేనా ఆవిడా అన్నట్టు ఉండేది.

ఆ వేసవిలో మా అత్త పాతపట్నం నుంచి వచ్చింది. సరిహద్దుకి అటు ఆంధ్ర వైపు వాళ్లది, ఇటు ఒడిశా వైపు మాది. ఆటోలో పొద్దున్న వచ్చి సాయంత్రానికి వెళ్లిపోవచ్చు, కానీ మనవరాలికి మాటలు రాలేదని విని సంచీ సర్దుకుని మరీ వచ్చింది. వచ్చిన రోజే పిల్లని అరుగు మీద కూర్చోబెట్టుకుని పప్పన్నం కలిపింది. నాలుగు ముద్దలు తినగానే పిల్ల "చాల, చాల" అంది. అత్త సంతోషపడిపోయింది. "చూసావా, చాలని ఎంత చక్కగా చెప్తందో!" అని కంచం తీసేసింది. పిల్ల ఒకటే ఏడుపు. రాత్రీ అదే. మర్నాడు మధ్యాహ్నం మూడు ముద్దలకే "చాల". మళ్లీ కంచం తీయడం, మళ్లీ ఏడుపు.

మూడో రోజుకి అత్త నిర్ధారణకి వచ్చేసింది. "ఓలమ్మ, దీనికి ఏటో అయినాది. చాలంటాది, తీసేస్తే ఏడుస్తాది." ఉప్పూ ఎండుమిరపకాయలూ దిగదుడిచి పెనం మీద వేసింది. ఘాటు రాలేదట, అంటే దిష్టి గట్టిగా తగిలినట్టే. తర్వాత వస అరగదీసి నాలిక మీద రాస్తానంది. మాటకారుల్ని వసపిట్ట అని ఊరికే అంటారా అని వాదన. మా ఆశా కార్యకర్త అంతకుముందే వస వద్దని గట్టిగా చెప్పి ఉంది, అందుకని నేనూ ఒప్పుకోలేదు. అత్త ఆ పూట అన్నం తినలేదు. అలా ఇంట్లో ఇద్దరు తినని వాళ్లు తేలారు.

ఆ సాయంత్రం మావుసి గిన్నె తిరిగిచ్చేయడానికి వచ్చింది. పిల్ల అత్త ఒడిలోంచి జారి, ఆవిడ వేలు పట్టుకుని "చాల! చాల!" అని గుమ్మం వైపు లాగింది. ఆవిడ ఏమాత్రం ఆశ్చర్యపోకుండా "చాల, గాయి దేఖిబా" అంటూ వీధిలోకి తీసుకుపోయింది. పద, ఆవుని చూద్దాం అని. నేనూ అత్తా ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఒడియాలో చాల అంటే పద, నడువు. మావుసి రోజూ అన్నం కలిపిన గిన్నె పట్టుకుని వీధి చివర ఆవు దగ్గర నిలబడి తినిపించేదట. నాకు ఎప్పుడూ చెప్పలేదు, నేనూ ఎప్పుడూ అడగలేదు. మూడు రోజులుగా పిల్ల పదండి పదండి అని మొత్తుకుంటుంటే మేము కంచం లాక్కుంటున్నాం.

అత్త చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత లేచి కంచం కడిగి, మళ్లీ పప్పన్నం కలుపుకుని ఆవు దగ్గరికి తనే నడిచింది. ఆ పూట పిల్ల ఎన్ని ముద్దలు తిందో లెక్కే లేదు. పిల్లకి మాటలు నేర్పిన ఘనత ఎవరికివ్వాలి అంటే నేను ఆ ఆవుకే ఇస్తాను.

ఈ గొడవకి నెల ముందు ఒక డాక్టరుకి చూపించాం. ఎన్ని మాటలు వచ్చని అడిగారు. అమ్మ, తాత, పాలు, బువ్వ, కాకి... అలా లెక్కపెట్టి పన్నెండో పదమూడో అన్నాం. తక్కువే, ఇంట్లో ఒకే భాష మాట్లాడండి అన్నారు. పిల్లకి ఒడియా ఎన్ని వచ్చని ఆయన అడగలేదు, మాకూ చెప్పాలని తట్టలేదు. ఆ ‘చాల’ సంగతి బయటపడ్డాక మావుసిని పక్కన కూర్చోబెట్టుకుని కేలెండర్ వెనక రాశాను. పాణి, గాయి, ఖీర, దే, ఆ, చాల... అంటే నీళ్లు, ఆవు, పాలు, ఇవ్వు, రా, పద. రెండూ కలిపితే ముప్పై ఒకటి! రెండేళ్లకి సుమారు యాభై మాటలు, రెండేసి మాటలు కలిపి చెప్పడం ఉండాలని ఒక కొలత ఉంది. రెండు భాషల ఇంట్లో ఆ యాభై రెండింటినీ కలిపి లెక్కపెట్టాలి. రెండు భాషలు వినడం వల్ల మాట ఆలస్యం కాదని ఈ విషయం చదువుకున్నవాళ్లే చెప్తున్నారు. మా ఊరి జనానికి మాత్రం ఇది ఎవరూ చెప్పనక్కర్లేదు. ఇక్కడ కూరగాయలమ్మే ఆవిడ బేరం ఒడియాలో మొదలుపెట్టి తెలుగులో తిడుతుంది.

అసలు ఏ మాట ఏ భాషదో ఎవరు తేలుస్తారు? మనం బజారుకు అంటాం, వాళ్లు బజారకు అంటారు. మనకి చందమామ, వాళ్లకి జహ్నమాము, ఎటు చూసినా ఆయన మామే. మా పిల్ల మొదటి వాక్యం "పాలు దే". పాలు మనవి, దే వాళ్లది. తప్పు అన్నారు కొందరు. నాకైతే పూర్తి వాక్యం లాగే వినపడింది, పాలు కూడా ఇచ్చాను.

నాకు మండేది ఇంకో రకం వాళ్లని చూస్తే. ఒడియా వద్దు, పిల్ల పాడైపోతుంది అంటారు, వాళ్లే మా ఇంటికొచ్చి "బేబీ, కమ్, సిట్, వాటర్ డ్రింక్ చెయ్" అంటారు. గిడుగు రామమూర్తి పంతులు గారు 1880లో మాస్టారుగా చేరింది మా పర్లాకిమిడిలోనే. మనుషులు మాట్లాడే తెలుగునే పుస్తకాల్లో రాయాలని పోరాడిన మనిషి, ఇక్కడి కొండల్లోని సవరల భాష కూడా పనిగట్టుకుని నేర్చుకున్నారు. ఏటా ఆగస్టు 29న ఆయన పుట్టినరోజు నాడు తెలుగు గురించి పెద్ద పెద్ద మెసేజ్‌లు పంపేది కూడా ఈ వాటర్ డ్రింక్ చుట్టాలే.

ఫోను సంగతి మీరు అడగలేదు గానీ చెప్తాను. మా ఆయన పిల్ల ఏడిస్తే ఫోన్లో పాటలు పెట్టి చేతికిచ్చేవాడు. ఏడాది వయసు పిల్లలకి స్క్రీన్ అసలే వద్దని, రెండేళ్లు వచ్చాక కూడా రోజుకి గంట మించొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది. ఫోను మన మాట వినదు, ఆగి జవాబు చెప్పదు. ఆవు కనీసం తోక ఊపుతుంది.

ఒక్క పని మాత్రం వాయిదా వెయ్యకండి. చెవి పరీక్ష చేయించండి. వెనక నుంచి పిలిస్తే తిరుగుతున్నాడు కదా అని మేమూ అనుకున్నాం గానీ, అది సరిపోదట. అంగన్‌వాడీకి పిల్లల్ని చూడటానికి వైద్య బృందం వస్తుంది, వాళ్లని అడిగితే జిల్లా ఆసుపత్రికి రాసిస్తారు. మా పిల్లకి చెవులు బాగున్నాయని తేలాకే నాకు నిద్ర పట్టింది. మీ బాబు మాట్లాడకపోవడమే కాక, వేలు పెట్టి చూపించడం, కళ్లలోకి చూడటం కూడా లేకపోతే ఇలాంటి జవాబులు చదువుతూ కూర్చోకుండా ముందు డాక్టరు దగ్గరికి వెళ్లండి.

మిగతాదానికి ఓ వారం పాటు వాడు అనే ప్రతి ముక్కా కాగితం మీద పెట్టండి. మీరు ఒక్కరే రాయకండి, పక్కింటి వాళ్లని కూడా కూర్చోబెట్టుకోండి. మా పిల్ల "నే, నే" అంటుంటే, అబ్బో ‘నేను’ అనడం కూడా వచ్చేసిందని మా ఆయన మురిసిపోయి చెయ్యి చాచాడు. ఒడియాలో నే అంటే తీసుకో. సగం నమిలిన బిస్కట్ ఆయన చేతిలో పెట్టి వెళ్లిపోయింది.