మోకాలి ఆపరేషన్ తర్వాత మైదానంలోకి: ఒక బేస్‌బాల్ క్యాచర్‌కు లేఖ

హైదరాబాద్

చిరంజీవికి ఆశీస్సులు.

నీ ఉత్తరం, దానితో పంపిన ఎమ్మారై రిపోర్టు, డిశ్చార్జి సమ్మరీ అందాయి. ఎడమ మోకాలిలో ఏసీఎల్, అంటే కీలు లోపల ఎముకలను పట్టి ఉంచే లిగమెంట్, తెగిపోతే తొడ వెనుక నుంచి తీసిన టెండన్‌తో (కండరాన్ని ఎముకకు కలిపే తాడులాంటి దానితో) కొత్తది అమర్చారనీ, ఎముకల మధ్య మెత్తలా ఉండే మెనిస్కస్ చిరిగితే దానికి కుట్లు కూడా వేశారనీ అందులో ఉంది. ఇప్పుడు ఐదో నెల నడుస్తున్నదనీ, నొప్పి లేదనీ, ఏడో నెలలో జరిగే బేస్‌బాల్ టోర్నమెంటుకు క్యాచర్‌గా దిగవచ్చా అనీ అడిగావు. దిగకూడదు. ఆ టోర్నమెంటు సంగతి మరిచిపో. ఆ తర్వాత ఆడినా, బ్యాటర్ నిలబడే హోమ్ ప్లేట్ వెనుక గొంతుకూర్చుని కాకుండా, పరుగు తీసేవాళ్లు మొదట చేరే ఫస్ట్ బేస్ దగ్గర ఆడాలన్నది నా అభిప్రాయం. ముప్పై నాలుగేళ్ల వయసులో ఇంకో ఆపరేషన్‌కు నీకు వ్యవధి లేదు కనుక కారణాలు వివరంగా రాస్తున్నాను.

నొప్పి తగ్గడాన్ని నువ్వు మోకాలు మానడంగా లెక్కిస్తున్నావు. అమర్చిన టెండన్ మొదటి రోజే లిగమెంట్ అయిపోదు. తొలి వారాల్లో దానిలోని పాత కణాలు చనిపోతాయి. కొత్త రక్తనాళాలు, కొత్త కణాలు చేరే ఆ దశలో అది అమర్చిన నాటి కంటే బలహీనంగా ఉంటుంది. అది గట్టిపడి లిగమెంట్‌లా పనిచేయడానికి ఏడాది, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ పడుతుంది. ఈ మార్పంతా నొప్పి లేకుండానే జరుగుతుంది. 2016లో వెలువడిన ఒక పరిశోధనలో, తొమ్మిది నెలలు నిండేదాకా ఆటకు తిరిగి రావడాన్ని వాయిదా వేసిన ఒక్కొక్క నెలకూ మళ్లీ గాయపడే అవకాశం సుమారు సగానికి తగ్గినట్లు తేలింది. ఏడో నెలకూ తొమ్మిదో నెలకూ ఉన్న తేడా నీకు రెండు నెలలుగా కనిపిస్తున్నది కానీ, మోకాలికి అది చాలా పెద్ద తేడా.

నెలలు నిండినంత మాత్రాన కూడా చాలదు. ఆపరేషన్ అయిన కాలి తొడ ముందు కండరం, రెండో కాలి కండరంతో పోలిస్తే కనీసం తొంభై శాతం బలం చూపాలి. దాన్ని యంత్రం మీద కొలిపించు. టేపుతో తొడ చుట్టుకొలత చూసి సరిపెట్టుకోవద్దు. ఒంటికాలి మీద గెంతే పరీక్షల్లోనూ రెండు కాళ్ల మధ్య తేడా పది శాతం దాటకూడదు. మోకాలిలో వాపు ఉన్నంతకాలం తొడ కండరానికి మెదడు నుంచి పూర్తి ఆజ్ఞ అందదు కాబట్టి, ఏ రోజు వ్యాయామం ఎక్కువైందో మరునాటి ఉదయం వాపును చూసి తెలుసుకోవాలి. అందుకే నొప్పి మాత్రలు వేసుకుని సాధన చేయవద్దంటాను; అవి నొప్పితో పాటు ఆ సూచనను కూడా మాపేస్తాయి.

పుత్తూరు కట్టు కట్టించుకొమ్మని మీ మేనమామగారు అంటున్నారని రాశావు. ఆయన ప్రేమను కాదనవద్దు, కానీ ఆ కట్టు విరిగిన ఎముకలకు ప్రసిద్ధి. ఎముక లోపల బిగించిన లిగమెంట్‌తో దానికి పని లేదు.

ఇక ఇంటి సంగతులు. మోకాలు బాగా మడిచి బరువు మోపినప్పుడు మెనిస్కస్ వెనుక భాగం నలుగుతుంది, కుట్లు సాధారణంగా ఉండేది అక్కడే. కనుక సర్జన్ ఒప్పుకునేదాకా ఇండియన్ టాయిలెట్, పెళ్లి భోజనాల్లో బాసింపట్టు, ఎడమ కాలు ఊతంగా బండి కిక్ కొట్టడం మానేయి. నడకకు ఉస్మానియా క్యాంపస్ రోడ్లు మంచివి. మైదానంలోకి మాత్రం వర్షాకాలం అయ్యాక గుంటలు పూడ్చారో లేదో స్వయంగా చూసుకున్నాకే అడుగుపెట్టు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. తొమ్మిది ఇన్నింగ్స్‌ల ఆటలో క్యాచర్ నూరుసార్లకు పైగా గొంతుకూర్చుని లేస్తాడు, వార్మప్ లెక్క వేరే. కుట్లు పడిన మెనిస్కస్‌కు ఇంతకంటే కష్టమైన ఉద్యోగం బేస్‌బాల్‌లో లేదు. షికాగో కబ్స్ ఆటగాడు కైల్ ష్వార్బర్ పేరు నువ్వు ఉదాహరించావు. 2016 ఏప్రిల్‌లో మోకాలిలో రెండు లిగమెంట్లు తెగిన ఆటగాడు అదే ఏడాది అమెరికా లీగ్ ఫైనల్ అయిన వరల్డ్ సిరీస్‌లో 17 సార్లు బ్యాట్ పట్టి 7 హిట్లు కొట్టాడు, నిజమే. అయితే డాక్టర్లు అతన్ని ఫీల్డింగ్‌కు అనుమతించలేదు. బ్యాటింగ్ మాత్రమే చేసే స్థానం అప్పట్లో లేని షికాగో మ్యాచుల్లో ఆ జట్టు అతన్ని మొదటి నుంచీ ఆడించలేకపోయింది. ఆ తర్వాత అతను క్యాచర్‌గా కనిపించడం చాలా అరుదు. అభిమానులకు మొదటి సగమే గుర్తుంటుంది. న్యూయార్క్ యాంకీస్ పిచర్ (బంతి విసిరేవాడు) మరియానో రివేరా 2012లో నలభై రెండేళ్ల వయసులో ఏసీఎల్ తెగి, మరుసటి ఏడాది తిరిగి వచ్చి 44 సేవ్‌లు సాధించాడు, అంటే అన్ని మ్యాచుల్లో జట్టు ఆధిక్యాన్ని చివరిదాకా కాపాడాడు. కానీ పిచర్ గొంతుకూర్చోడు. బోస్టన్ ఆటగాడు డస్టిన్ పెడ్రోయా మోకాలి కార్టిలేజ్‌కు (మృదులాస్థికి) శస్త్రచికిత్స చేయించుకుని వచ్చి 2018లో మూడు మ్యాచులు, 2019లో ఆరు మ్యాచులు ఆడి ఆగిపోయాడు. నీకు ఆయన కథ ఎవరూ చెప్పి ఉండరు.

మన ఊళ్లోనే చూడు. బ్యాడ్మింటన్ ఆటగాడు పుల్లెల గోపీచంద్ 1994లో డబుల్స్ ఆడుతూ మోకాలు దెబ్బ తగిలించుకుంటే, ఆల్ ఇంగ్లండ్ గెలిచింది 2001లో. మధ్యలో ఎన్ని టోర్నమెంట్లు చేజారి ఉంటాయో ఆలోచించు.

ఫస్ట్ బేస్‌కు మారడం చిన్నతనం కాదు. మిన్నెసోటా క్యాచర్ జో మౌర్, కారణం తలకు తగిలిన దెబ్బే అయినా, 2014 నుంచి ఫస్ట్ బేస్‌కు మారాడు. నీది కుడిచేతి విసురు కనుక, అక్కడ కుడి పాదం బేస్ మీద ఆనించి ఎడమ కాలు ముందుకు చాచి బంతి అందుకోవాలి. టెండన్ తీసింది ఆ ఎడమ తొడ వెనుక నుంచే కాబట్టి ఆ చాపును నెలల తరబడి కొద్దికొద్దిగా పెంచుకో. మొదటి రోజే పూర్తిగా చాచావంటే కండరం పట్టేస్తుంది.

పరుగు ముందు సరళరేఖలో, తర్వాత వంపులో, చివరగా ఆగి తిరగడం. బేస్‌ల చుట్టూ ఎప్పుడూ ఎడమవైపే తిరుగుతాం కనుక మలుపులు రెండు దిక్కులా సాధన చేయి. నేల మీద జారుతూ బేస్ చేరే స్లైడింగ్ అన్నిటికంటే ఆఖర. బ్యాటింగ్‌లో నీ ఎడమ మోకాలే ముందు కాలు, ఊపు మొత్తం దాని మీదే తిరుగుతుంది. టీ (బంతిని నిలిపే స్టాండ్) మీద పెట్టిన బంతితో, సగం ఊపుతో, స్పైక్స్ లేని బూట్లతో మొదలుపెట్టు. పాదం నేలలో ఇరుక్కుని ఒళ్లు తిరిగినప్పుడే లిగమెంట్ ఎక్కువగా తెగుతుంది.

భయం సంగతి రాయలేదు నువ్వు, కానీ ఉంటుంది. దాన్ని ఫిజియోకు చెప్పు. పరీక్షల్లో నెగ్గిన కాలు కూడా భయంతో బరువు దించుకుని, రెండో మోకాలికి చేటు తెస్తుంది.

తొమ్మిదో నెల నిండాక బలం కొలిపించిన కాగితం నాకు పంపు. సెలక్టర్‌కు మాత్రం ఈ వారంలోనే నువ్వే ఫోన్ చేసి, జాబితాలో పేరు పెట్టవద్దని చెప్పు. ఇంకొకరి నోట వింటే ఆయన దాన్ని వేరే విధంగా తీసుకునే మనిషి.

ఇట్లు,
నీ పి.డి. సార్