మన వైపు వసంతం మాఘంలోనే మొదలవుతుంది

ప్రశ్న: సంక్రాంతికి మా మిద్దె తోట చామంతులతో, బంతులతో కళకళలాడింది. మాఘం సగం గడిచేసరికి అవన్నీ ఎండుపుల్లలయ్యాయి. రెండేళ్ళుగా పెంచుతున్న బొండుమల్లె గుబురుగా ఆకు వేసింది గాని ఒక్క మొగ్గ తొడగలేదు. మా బోరునీళ్ళు కాస్త ఉప్పన. ఎండలు ముదిరేలోగా తోటను ఎలా సర్దుకోవాలో చెప్పగలరు.
— ఒక గృహిణి, కావలి

జవాబు: అమ్మా, పంచాంగంలో వసంతం చైత్రంతో మొదలవుతుంది గాని, నెల్లూరు సీమలో తోట పెంచేవారికి ఆ లెక్క పనికిరాదు. మనకు ప్రధానమైన వాన ఈశాన్య రుతుపవనాలది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కురిసిన ఆ వానల తడి నేలలో ఇంకా మిగిలి ఉండి, ఎండ చురుక్కుమనని రోజులు మనకు జనవరి చివరి నుంచి మార్చి మధ్య వరకే దొరుకుతాయి. ఉగాది పచ్చడి తినేనాటికి మధ్యాహ్నం పూట మిద్దె మీద చెప్పులు లేకుండా కాలు పెట్టలేము. కాబట్టి తోటపనికి మాఘ ఫాల్గుణాలే మన వసంతమనుకుని, చేయవలసినవన్నీ ఈ నాలుగైదు వారాల్లో ముగించుకోండి.

ముందుగా చామంతి సంగతి. అది చచ్చిపోలేదు, దాని కాలం అయిపోయింది, అంతే. రాత్రులు దీర్ఘంగా ఉన్నప్పుడే మొగ్గ తొడిగే స్వభావం దానిది. పగటి పొద్దు పెరిగేకొద్దీ పూత ఆపేస్తుంది. ఎండిన కొమ్మలను జానెడు ఎత్తున కోసేస్తే మొదలు దగ్గర పిలకలు వస్తాయి. ఆ కుండీలను వేసవి అంతా నీడ పట్టున ఉంచి, తడి ఆరకుండా చూసుకుని, జూన్, జులై నెలల్లో పిలకలను విడదీసి నాటుకుంటే వచ్చే సంక్రాంతికి మళ్ళీ పూలు చూస్తారు. బంతికి అంత శ్రమ అక్కరలేదు. ఎండిన పూలను దులిపి విత్తనం దాచుకుని, మొక్కలను పీకేయండి.

ఇక మల్లె. ఆకు గుబురుగా ఉండి మొగ్గ లేదంటే నేను మూడు విషయాలు అడుగుతాను. ఎండ పూర్తిగా తగులుతున్నదా? మల్లెకు రోజుకు కనీసం ఆరు గంటల ఎండ కావాలి. పిట్టగోడ నీడలో ఆకు పెరుగుతుంది గాని పువ్వు రాదు. యూరియా గాని, పచ్చి పేడ గాని ఎక్కువగా వేశారా? నత్రజని ఎక్కువైనా ఫలితం అదే. అన్నిటికన్నా ముఖ్యం, కొమ్మలు కత్తిరించారా? మల్లె పూసేది కొత్త చిగురు కొసన. పాత కొమ్మను అలాగే వదిలేస్తే కొత్త చిగురుకు చోటెక్కడిది? మల్లెతోటల రైతులు నవంబరు చివరి నుంచి జనవరి లోపల కొన్నాళ్ళు నీరు ఆపి, పొదను మోకాలి ఎత్తుకు కోసి, ఆ తరువాత ఎరువు వేసి నీరు కడతారు. మొదటిసారి మా మల్లెను అలా కోయవలసి వచ్చినప్పుడు నాకు చేతులు రాలేదు. పచ్చని కొమ్మను కోయడం పాపమనిపించింది. ఆ ఏడు పూత చూశాక మళ్ళీ ఆ సందేహం కలగలేదు. మీరు ఇప్పుడు కోసినా నష్టం లేదు, కాకపోతే మొగ్గ ఏప్రిల్ చివరికి జరుగుతుంది. ఒక విడత పూత అయిపోగానే పూసిన కొసలను రెండు కణుపుల మేర తుంచుతూ ఉంటే మళ్ళీ చిగురిస్తుంది. ఎండలు ముదిరాక ఆకు అడుగున సన్నని ఎర్రనల్లి చేరి ఆకులు పాలిపోతాయి. ఉదయం పూట ఆకుల అడుగు తడిసేటట్లు నీళ్ళు చల్లడం, అప్పటికీ తగ్గకపోతే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనెను కొద్దిగా సబ్బునీటితో కలిపి సాయంత్రం చల్లడం సరిపోతాయి.

ఉప్పునీటి విషయం తేలికగా తీసుకోకండి. మీ కుండీ అంచును ఒకసారి గోటితో గీకి చూడండి. తెల్లని పొడి రాలితే అది నీరు ఆవిరై మిగిల్చిన ఉప్పే. రోజూ చెంబెడు చొప్పున పైపైన పోస్తే ఆ ఉప్పు వేరు దగ్గరే పేరుకుంటుంది. పోసినప్పుడు అడుగు రంధ్రం నుంచి ధారగా కారేటట్లు పోయండి. పది రోజులకొకసారైనా మంచినీరు అదే విధంగా పట్టండి. గులాబీకి ఈ నీరు పడదు, దాని మీద ఆశ పెట్టుకోకండి. కాగితంపూల మొక్క, గన్నేరు తట్టుకుంటాయి. పసిపిల్లలున్న ఇంట్లో గన్నేరు వద్దు, అది విషం. మార్చి, ఏప్రిల్ నెలల్లో పెన్నా కింద వరికోతలు అవుతాయి గనుక గడ్డి సులువుగానే దొరుకుతుంది. కుండీలలో మట్టి కనబడకుండా రెండంగుళాల మందాన పరిస్తే సగం దాహం తీరినట్లే.

ప్రశ్న: పదవీ విరమణ చేశాను. మనవలు సెలవుల్లో వస్తారు. ఫోను నుంచి వాళ్ళ తల ఎత్తించి ఆరుబయట తిప్పాలని ఉంది గాని ఎండలకు భయంగా ఉంది.
— ఒక పెద్దాయన, ఒంగోలు

జవాబు: అయ్యా, సెలవులు వచ్చేదాకా పక్షులు ఆగవు. పాత నెల్లూరు జిల్లా దక్షిణాన, సూళ్ళూరుపేట వైపున్న నేలపట్టు చెరువులో గూడబాతులు నీళ్ళలోని కడప అనే చెట్ల మీద గూళ్ళు కట్టి, పిల్లలను లేపి, మార్చి గడిచేసరికి చాలావరకు వెళ్ళిపోతాయి. పులికాట్‌లో రాజహంసలు కనబడేదీ ఆ లోపలే. మీ ఊరి నుంచి సుమారు 200 కిలోమీటర్లు. పరీక్షల హడావుడికి ముందే ఒక ఆదివారం తీసుకెళ్ళండి. తల్లి గూడబాతు సంచిలాంటి ముక్కును తెరిస్తే పిల్ల తల మొత్తం అందులోకి దూర్చి చేపను తీసుకోవడం ఒక్కసారి చూపించారంటే ఫోను సంగతి ఆ పూటకు మరిచిపోతారు.

వేసవిలో మాత్రం గాలిని బట్టి నడుచుకోండి. పగలు నేల వేడెక్కాక సముద్రం మీది చల్లగాలి లోపలికి వీస్తుంది. పడమటి గాలి బలంగా ఉన్న రోజున అది ఆలస్యమవుతుంది, ఆ రోజే ఒళ్ళు మాడుతుంది. కాబట్టి కొత్తపట్నం తీరానికి సాయంత్రం అయిదు దాటాక వెళ్ళి, వెన్నెల రాత్రి అయితే భోజనం కూడా అక్కడే కానిచ్చి రండి. పిల్లలను మోకాలి లోతు దాటనివ్వవద్దు. మధ్యాహ్నాలకు ఇంటి ముందు చెట్టు నీడ, వామనగుంటల పీట, దోసెడు చింతపిక్కలు చాలు. మొదట్లో మీరే ఓడిపోతూ ఆడండి.

ప్రశ్న: వేపపూత నల్లబడకుండా ఎలా ఎండబెట్టాలి?
— ఒక పాఠకురాలు, కందుకూరు

జవాబు: రాత్రి చెట్టు కింద పాత చీర పరిచి, తెల్లవారగానే రాలిన పూవును మంచు తడి ఆరాక ఏరుకోండి. పుల్లలు, పురుగులు జల్లెడలో పోతాయి. ఎండలో కాక, గాలి ఆడే వసారాలో పలుచగా పరిచి మూడు నాలుగు రోజులు ఉంచండి. గుప్పిట్లో నలిపితే పొడిగా చిట్లినప్పుడు సీసాలో పోయండి. తడి ఉండగా మూత పెడితేనే నల్లబడుతుంది. చారులో వేసే ముందు నేతిలో ఎర్రగా వేయించండి.