180 గ్రాముల రీఇష్యూ ఎల్పీ (పాత ఆల్బమ్‌ను మళ్లీ అచ్చొత్తిన వినైల్ రికార్డు) పాత ప్రెస్సింగ్ (అప్పట్లో అచ్చొత్తిన డిస్క్) కంటే బాగా వినిపిస్తుందా?

బరువు వల్ల మాత్రం కాదు. ధ్వనిని తేల్చేది ఏ టేపు నుంచి తీశారు, లాకర్ (గాడిని మొదట చెక్కే మూల డిస్క్) ఎవరు కట్ చేశారు, ప్రెస్సింగ్ ఎంత శుభ్రంగా జరిగింది అన్నవే.

మామూలు ఎల్పీ 120–140 గ్రాములు ఉంటుంది. 180 గ్రాముల డిస్క్ మందంగా ఉంటుంది, వంగే అవకాశం కొంత తక్కువ, అంతే. బరువైన డిస్కులో గాడి లోతుగా ఉంటుందన్నది చాలామందిలో ఉన్న అపోహ. గాడి ఆకారం లాకర్ మీద కట్ చేసినప్పుడే ఖరారవుతుంది. అదే స్టాంపర్‌తో (డిస్కులను నొక్కే లోహపు అచ్చు) 140 గ్రాములు నొక్కినా, 180 నొక్కినా గాడి ఒకటే.

అసలు తేడా తెచ్చేవాటిలో డిస్క్ ఒక్కో పక్కకు ఎన్ని నిమిషాల పాటలన్నది ఒకటి. గాయకుడు నిక్ డ్రేక్ 1972 నాటి ఆల్బమ్ 'పింక్ మూన్' మొత్తం 28 నిమిషాలే, అంటే పక్కకు దాదాపు 14. గాడులను ఎడంగా, ఎక్కువ శబ్ద స్థాయిలో కట్ చేయొచ్చు. లేబుల్ దగ్గరి ఇరుకు భాగం దాకా పోనక్కర్లేదు. అక్కడ సూది కింద గాడి కదిలే వేగం అంచు దగ్గరి వేగంలో సగం కూడా ఉండదు, 'స' శబ్దాలు చీదరగా పలికేది అందుకే. గాయని కారోల్ కింగ్ ఆల్బమ్ 'టాపెస్ట్రీ' పక్కకు దాదాపు 22 నిమిషాలు, కాబట్టి అంత వెసులుబాటు లేదు. అలాంటి ఆల్బమ్‌ని 45 ఆర్పీఎమ్‌లో (నిమిషానికి 45 చుట్లు, మామూలు ఎల్పీ కంటే వేగంగా) రెండు డిస్కులుగా వేస్తే నిజంగానే లాభం.

ఇంకోటి: 'పింక్ మూన్'లో దాదాపు అంతా గొంతు, గిటారే. ప్రెస్సింగ్‌లో చిన్న చిటపట ఉన్నా దాక్కోదు, డిస్క్ ఎంత బరువున్నా.