ఫైబర్ బాడీతో కట్టిన 32 ఫోర్డు హాట్ రాడ్ కాదా?

మీరు అడిగింది ఇదీ: ఫైబర్‌గ్లాస్ బాడీ, కొత్త షెవర్లే 350 ఇంజన్‌తో 1932 ఫోర్డు రోడ్‌స్టర్ కట్టుకుంటున్నారు. హాట్ రాడ్ అంటే వేగం కోసం మార్చి కట్టుకున్న పాత బండి. అసలు ఇనప బాడీ, ఫోర్డువాళ్ల పాత ఫ్లాట్‌హెడ్ వీ8 ఇంజన్ లేకపోతే అది చూడ్డానికే హాట్ రాడ్, నిజంది కాదని తోటివాళ్లు తీసిపారేస్తున్నారు. వాళ్ల మాటలో నిజం ఉందా అని.

లేదు. ఇనుమా ఫైబరా అన్నది పెద్ద విషయమే కాదు. ఎందుకంటే నా దగ్గర మీ తోటివాళ్లు అడిగేవన్నీ ఉన్నాయి. 1930 మోడల్ ఏ కూపే, ఫోర్డువాళ్లు కొట్టిన ఇనప బాడీ. 1948 నాటి 239 క్యూబిక్ ఇంచుల ఫ్లాట్‌హెడ్. దాని మీద రెండు స్ట్రాంబర్గ్ 97 కార్బురేటర్లు. ఒక్క పార్టు కూడా కొత్తది కాదు. అయినా రెండేళ్లు నేను తిప్పింది నకిలీ బండే. ఆ సంగతి కాలిఫోర్నియాలో కహోన్ కనుమ ఎక్కుతుంటే తెలిసొచ్చింది.

మా నాన్న విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టేవారు. సెలవులొస్తే నేను షెడ్డులోనే. తుప్పు పట్టిన రేకు మీద లప్పం పెట్టి, రంగు కొట్టి ఇచ్చెయ్యమని ఓనర్లు అడిగేవారు. ఎవరో కొనేవాడికి అంటగట్టడానికి. నాన్న ఆ పని ముట్టేవారు కాదు. "పైన పటారం లోన లొటారం పని మన షెడ్డులో లేదండీ, ఇంకోచోట చూసుకోండి" అని పంపేసేవారు. ఆ మాట వింటూ పెరిగిన నేను ఇక్కడ కాలిఫోర్నియాలో చేసింది ఏమిటో చెప్తాను.

రివర్‌సైడ్‌లో మా పక్కింట్లో ఒక పెద్దాయన ఉంటారు. ఎనభై దాటాయి. జన్మంతా లేత్ మీద బతికిన మనిషి. కుర్రతనంలో ఎల్ మిరాజ్ ఎండు చెరువు మీద బండి పరిగెత్తించారు. నాకు ఈ పిచ్చి ఆయన గరాజ్ తలుపు తెరిచి ఉండగా తొంగి చూసిన రోజు పట్టుకుంది. బండి కొన్నది నేను, కట్టడం నేర్పింది ఆయన. శనివారాలు శనివారాలుగా మూడేళ్లు పట్టింది.

ఆయన దగ్గర నేర్చుకున్నదాంట్లో అన్నిటికన్నా ముఖ్యమైంది ఇది. హాట్ రాడ్‌లో మనం చూసి మురిసిపోయే ప్రతిదీ ఒకప్పుడు ఒక పని కోసం పుట్టింది. 1930ల్లో ఇక్కడి కుర్రాళ్ల చేతిలో డబ్బు లేదు. పాత ఫోర్డులు చవగ్గా దొరికేవి. వాటిని మ్యూరాక్ ఎండు చెరువు మీదికి తోలుకుపోయి ఎవరి బండి ఎంత వేగం పోతుందో చూసుకునేవారు. మడ్‌గార్డులు పీకేసింది బరువు తగ్గాలని. టాప్ కోసి దించింది గాలి అడ్డం పడకూడదని. వెనక పెద్ద టైర్లు వేసింది ఇంజన్ ఒక్క చుట్టుకి బండి ఇంకొంచెం ఎక్కువ దూరం పోవాలని. బానెట్‌కి చేప మొప్పల్లా కోతలు పెట్టింది లోపలి వేడి బయటికి పోవాలని. అందం కోసం అనుకుని చేసింది దాదాపు ఏమీ లేదు, అందం దానంతటది వచ్చింది.

అలాగని వాళ్లు అందం అక్కర్లేదన్నవాళ్లూ కాదు. ఓక్లండ్‌లో 1950లో అమెరికా మొత్తంలో అందమైన రోడ్‌స్టర్‌కి మొదటిసారి ట్రోఫీ ఇచ్చినప్పుడు గెలిచింది బిల్ నీక్యాంప్ కట్టిన 1929 ఫోర్డు. ఆ ట్రోఫీ బండినే 1952లో ఎల్ మిరాజ్‌కి పట్టుకెళ్లి గంటకి 142 మైళ్లు తీశారు. అందాల పోటీలో నెగ్గిన బండిని దుమ్ములోకి దింపారు! ఇప్పుడు ట్రైలర్ మీద వచ్చి, కార్పెట్ మీద నిలబడి, మళ్లీ ట్రైలరెక్కి వెళ్లిపోయే బళ్లని చూస్తే నాకు కడుపు మండిపోతుంది.

సరే, నా బండి. టాప్ నాలుగు అంగుళాలు కోయించాను. ముక్కు కూడా ఆ లెక్కన కిందికి ఉంటేనే బాగుంటుందని రేడియేటర్‌ని కురచ చేయించాను. ఫ్లాట్‌హెడ్‌కి ఫ్యాన్ పెడితే రేడియేటర్ ముందుకు జరగాలి, పక్కనుంచి చూసినప్పుడు వరస చెడుతుంది, అందుకని ఫ్యాన్ తీసేశాను. పెద్దాయన వద్దన్నారు. ఫ్లాట్‌హెడ్‌లో పొగ దారి బ్లాక్ (సిలిండర్లుండే ఇనప దిమ్మ) లోపలినుంచే, నీళ్ల మధ్యలోంచి పోతుంది. ఒక్కో వైపు నాలుగు సిలిండర్లుంటే పొగ బయటికి వచ్చే రంధ్రాలు మూడే, మధ్య రెండింటికీ కలిపి ఒకటి. అంటే ఆ ఇంజన్ తన నీళ్లని తనే కాచుకుంటుంది. ఇవన్నీ ఆయన కాగితం మీద బొమ్మ గీసి మరీ చెప్పారు. నేను తల ఊపాను, ఫ్యాన్ మాత్రం పెట్టలేదు.

ఇంకా పెద్ద తప్పు మీటర్ల దగ్గర చేశాను. పొమోనాలో పాత పార్టులమ్మే సంతలో పాత స్టూవర్ట్ వార్నర్ మీటర్ల ప్యానెల్ ఒకటి దొరికింది. అయిదు మీటర్లు, వంపు తిరిగిన అద్దాలు, నల్లటి ముఖాలు, అంకెలు కొంచెం పసుపు తిరిగి ఉన్నాయి. ఎంతకి కొన్నానో మా ఆవిడకి ఇప్పటికీ చెప్పలేదు. అందులో నీళ్ల వేడి చూపించే మీటర్‌కి వెనక ఉండే సన్నటి రాగి గొట్టాన్ని ఎవరో కత్తిరించేశారు. ఆ గొట్టంలో ఈథర్ ఉంటుంది, వేడికి అది ఒత్తిడి చేస్తేనే సూది కదులుతుంది. గొట్టం తెగిందంటే మీటర్ చచ్చిపోయినట్టే. బాగు చేయించొచ్చు, చేసేవాళ్లున్నారు. నేను చేయించలేదు. ముఖం బాగుంది కదా అని అలాగే బిగించేశాను. పెద్దాయనకి కూడా చెప్పలేదు.

సెప్టెంబర్‌లో ఎల్ మిరాజ్ పందేలకి ఆయన్ని ఎక్కించుకుని బయల్దేరాను. తెల్లారకుండా వెళ్లాల్సింది. బండికి ఫొటోలు తీస్తూ పదిన్నర చేశాను. హైవే 15 మీద కహోన్ కనుమ ఎక్కుతున్నాం. ఎడం పక్కన కార్లు, కుడి పక్కన నత్తల్లా లారీలు, మధ్యలో మేము. కాళ్ల దగ్గర్నుంచి వేడి కొడుతోంది. అప్పుడు ఒక తియ్యటి వాసన వచ్చింది, కూలెంట్ కాగిన వాసన. ఆయనకి నాకన్నా ముందే తెలిసింది.

"నీళ్లు ఎంత చూపిస్తోంది?" అన్నారు.

నేను మీటర్ వైపు చూశాను. సూది ఎడం చివర పడుకుని ఉంది. రెండేళ్లుగా అది అక్కడే ఉంది.

"అది కనెక్ట్ చెయ్యలేదండీ" అన్నాను.

ఆయన నా వైపు తిరగలేదు. ఎదురుగా అద్దంలోంచి రోడ్డు చూస్తూ, "పక్కకి తీసి ఆపు" అన్నారు. ఆ ఒక్క మాటే.

ఆపేలోపే రేడియేటర్ మూత దగ్గర్నుంచి ఆవిరి ఎగజిమ్మింది. ముప్పావు గంట రోడ్డు పక్కన ఎండలో నిలబడ్డాం. ఆ వయసు మనిషిని ఆ ఎండలో నిలబెట్టినందుకు నాకు ఇప్పటికీ బాధే. చల్లారాక ఆయనే గుడ్డ వేసి మూత తిప్పారు, నన్ను ముట్టుకోనివ్వలేదు. తర్వాత ఆయిల్ డిప్‌స్టిక్ లాగి నా చేతికిచ్చారు. ఆయిల్ పాలు ఎక్కువైన టీ రంగులో ఉంది. నీళ్లు ఆయిల్లో కలిసిపోయాయి. ఇంజన్ విప్పాక తెలిసింది, హెడ్ గ్యాస్కెట్ ఒక్కటే కాదు, వాల్వ్ సీటు దగ్గర్నుంచి సిలిండర్ దాకా బ్లాక్ పగిలింది. 1948 నుంచి బతికున్న ఇనుము అది. నా మురిపెం కోసం పోయింది.

టో ట్రక్కు కోసం చూస్తుంటే ఆయన అడిగారు, "ఆ మీటర్ ఎందుకు పెట్టావు?" అని. బాగుంటుందని పెట్టానన్నాను. "నా రోజుల్లో మేం అది కొనడానికి రెండు నెలలు డబ్బు దాచుకునేవాళ్లం, ఇంజన్ పోకుండా ఉండాలని" అన్నారు. కోపంగా కాదు. అది నాకు ఇంకా ఎక్కువ తగిలింది.

కాబట్టి మీ తోటివాళ్లని ఒక్క ప్రశ్న అడగండి. మీ బండి మీద ఉన్నవాటిలో ఎన్ని పనిచేస్తున్నాయి అని. వెనిగర్, ఉప్పు కొట్టి కొత్త రేకుని కావాలని తుప్పు పట్టించి, అరవై ఏళ్లు ఎండా వానా తిన్నట్టు చూపించేవాళ్లున్నారు. ఎన్నడూ పందెం చూడని బండి తలుపు మీద పందెం నంబర్ రాయించి, ఆ నంబర్ని ఉప్పు కాగితంతో సగం అరగదీసేవాళ్లున్నారు. నిజంగా అరగాలంటే ఒక మనిషి ఆ తలుపు మీద చెయ్యేసి ఎన్ని వేలసార్లు కూర్చోవాలి! ఆ మనిషి కష్టాన్ని అరగంటలో దొంగిలించడం అంటాను నేను దాన్ని. హైదరాబాద్ వెళ్లినప్పుడల్లా ఇదే చూస్తాను, బుల్లెట్‌కి సైలెన్సర్ మార్చి వీధి దద్దరిల్లేలా మోగిస్తారు, బండి మాత్రం ముందుకన్నా ఒక్క అడుగు ఎక్కువ పోదు. పైగా అక్కడ అలా మోగించడం చట్టప్రకారం కుదరదు కూడా. అయినా మోత తగ్గదు.

ఇక ఫైబర్ సంగతి. యుద్ధం అయ్యాక బిల్ బర్క్ యుద్ధ విమానాల కింద వేలాడే పెట్రోలు ట్యాంకునే బాడీగా పెట్టి చెరువు మీద పరిగెత్తించారు. పనికొచ్చింది, వాడారు. అది ఫోర్డు ఇనుమా అని అడిగినవాడు లేడు. ఇంజన్ సంగతీ అంతే. 1955లో షెవర్లే 265 వీ8 వచ్చింది, బరువు తక్కువ, బలం ఎక్కువ. ఫ్లాట్‌హెడ్లు పీకేసి దాన్ని పెట్టుకున్నది ఎవరు? ఆ హాట్ రాడ్డర్లే. మీ 350 దాని వంశమే. ఈ లెక్కన మీరే వాళ్ల దారిలో ఉన్నారు, ఫ్లాట్‌హెడ్ పట్టుకు వేలాడే నేను కాదు.

కాలిఫోర్నియాలో ఉంటే ఒక సంగతి. ఇలా సొంతంగా కట్టిన బళ్లకి ఎస్‌బీ 100 అనే రాష్ట్ర చట్టం కింద ఏడాదికి 500 సర్టిఫికెట్లే ఇస్తారు, ముందు వచ్చినవాళ్లకి ముందు. జనవరి మొదట్లోనే వెళ్లండి. బండి ఏ ఏటి మోడల్‌ని పోలి ఉందో చూసి పొగ లెక్క తేలుస్తారు. చట్టానికి పోలిక చాలు. నాకు చాలదు.

మీ బండి విషయంలో నా సలహా: బానెట్‌కి కోతలు పెట్టిస్తే నిజంగా తెరిచినవి పెట్టించండి, ఉత్తి గాట్లు వద్దు. మీటర్లు పాతవి కొంటే గొట్టం తెగిందో లేదో వెనక్కి తిప్పి చూసుకోండి. రేడియేటర్ కురచ చెయ్యకండి. నేను ఇంకో బ్లాక్ దొరికాక పూర్తి ఎత్తు రేడియేటర్ పెట్టాను, ఆరు రెక్కల ఫ్యాన్ పెట్టాను, మీటర్‌కి కొత్త గొట్టం వేయించాను. ముక్కు రెండు అంగుళాలు ముందుకొచ్చింది. మొన్న ఒకాయన వచ్చి వరస కుదరలేదని చెప్పి వెళ్లాడు.

పెద్దాయనకి మోకాళ్లు పోయాయి, ఇప్పుడు బండెక్కలేరు. శనివారం పొద్దున నేను ఇంజన్ స్టార్ట్ చేస్తే వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చుంటారు. కాస్త వేడెక్కాక అక్కడినుంచే అరుస్తారు, నీళ్లు ఎంత చూపిస్తోంది అని. చూసి చెప్తాను.