సెల్యులార్ జైలుకి వెళ్ళేముందు

అమ్మాయ్,

ఆశీస్సులు. అండమాన్ వెళ్తున్నానని, సెల్యులార్ జైలు మీద వ్యాసం రాస్తానని రాశావు, సంతోషం. ఆ జైలు మీద మనవాళ్ళు రాసేవి చాలావరకు "గేటు దాటగానే ఒళ్ళు గగుర్పొడిచింది" అంటూనే మొదలవుతాయి. గగుర్పాటు చదివేవాడికి కలగాలి కదా! అందుకని బ్యాగులో ఒక టేపు, పెన్సిలు, గళ్ళ నోట్‌బుక్కు పెట్టుకో. పొద్దున్నే వెళ్ళు. అక్కడ గడియారం మనదే గానీ చలికాలంలో సాయంత్రం 5కే పొద్దు గూకుతుంది. అన్నం తిని, కాస్త నడుం వాల్చి బయల్దేరితే గదుల్లో వెలుతురు ఉండదు.

జనమంతా మూడో అంతస్తు చివర సావర్కర్ గది దగ్గర గుమిగూడతారు. అది ఆఖర్న చూడొచ్చు. ముందు కింది అంతస్తులో ఎవరి పేరూ లేని గదిలోకి వెళ్ళు. పొడుగు 13.5 అడుగులు, వెడల్పు 7.5 అడుగులు. గాలికిటికీ మనిషికి అందని ఎత్తున ఉంటుంది. ఈ కొలతలు నోట్‌బుక్కులో గీసుకుని, అందులో ఒక మంచం కూడా గీసి చూడు. చుట్టూ నడవడానికి చోటు మిగులుతుంది. అంచేత "అగ్గిపెట్టెలాంటి గది" అని రాయకు. అక్కడి శిక్ష ఇరుకుది కాదు, ఒంటరితనానిది. గదికి, అంటే సెల్లుకి, ఒక్కడు. జైలుకి ఆ పేరు వచ్చిందే అందుకు.

ఆ సంగతి గొళ్ళెం చెప్పినంత బాగా ఏ బోర్డూ చెప్పదు. లోపల నిలబడి ఊచల్లోంచి చెయ్యి బయటికి పెట్టు. గొళ్ళెం కోసం వెతుకు. దొరకదు. దాని కడ్డీ తలుపు దగ్గర ఆగదు, పక్క గోడలో తొలిచిన గూటి దాకా పోతుంది. తాళం అక్కడ పడుతుంది. చెయ్యి ఎంత చాపినా తాళం తగలదు. ఇది ఒక్క పేరా రాయి, ఒక్క విశేషణం కూడా లేకుండా.

తర్వాత వరండాలో నిలబడి ఎదురుగా చూడు. మధ్యలో కావలి బురుజు, దాన్నుంచి సైకిలు చక్రం ఆకుల్లా 7 బారకాసులు, ఒక్కోటీ మూడంతస్తులు. ఒక బారకాసు ముఖం పక్కదాని వీపుకి ఎదురుగా ఉండేలా కట్టారు. ఖైదీకి ఎదుటివాడి మొహం కనపడదు, గోడే కనపడుతుంది. ఇక్కడే కొత్తవాళ్ళు బోల్తా పడతారు. ఇప్పుడు మిగిలినవి మూడే. తక్కినవి పోయాయి, ఆ ఆవరణలోనే గోవింద్ వల్లభ్ పంత్ ఆస్పత్రి వెలిసింది. కాబట్టి ఇవాళ నీకు ఆకాశం, చెట్లు, డాబా ఎక్కితే సముద్రం కనపడతాయి. "ఖైదీలు ఈ సముద్రాన్ని చూస్తూ ఇల్లు తలుచుకునేవారు" అని రాశావో, కట్టడం సంగతి నీకు అర్థం కాలేదన్నమాటే.

పనిశాలలో గానుగ ఉంటుంది. ఎద్దు తిరగాల్సిన చోట మనిషి తిరిగేవాడు. రోజుకి 30 పౌన్ల కొబ్బరినూనె తీయాలి, అంటే 13 కిలోల పైమాట. అంకె ఒక్కటే రాస్తే ఎవరికీ ఏమీ తెలీదు. మీ వైపు కట్టె గానుగ ఆడించేవాళ్ళు మిగిలుంటే, వెళ్ళేముందే అడుగు: ఎద్దు పొద్దస్తమానం తిరిగితే ఎంత నూనె దిగుతుందని. ఆ జవాబు పక్కన ఈ 30 పౌన్లు పెట్టు.

తేదీల దగ్గర జాగ్రత్త. 1857 జులై 17న హైదరాబాదు రెసిడెన్సీ మీద దాడికి తుర్రేబాజ్ ఖాన్‌తో పాటు ముందు నిలిచిన మౌల్వీ అల్లావుద్దీన్‌ని ద్వీపాంతరం పంపారు, ఆయన అక్కడే పోయారు. అయితే ఆయన్ని సెల్యులార్ జైలు గదిలో కూర్చోబెట్టి రాసేవాళ్ళున్నారు. ఆ జైలు పని మొదలైందే 1896లో, పూర్తయింది 1906లో. అప్పటికే ఆయన లేరు. 1858 నుంచీ ద్వీపాలే జైలు. వైపర్ దీవి ఉరికంబం కథ అప్పటిది. కాకినాడ బాంబు కేసులో శిక్షపడ్డ ప్రతివాది భయంకర వేంకటాచారిది ("ప్రతివాది భయంకర" ఇంటిపేరు) మాత్రం 1930ల నాటి సంగతి, ఆయన్ని ఈ గోడల మధ్య పెట్టి రాయొచ్చు. గదులు ఎన్ని అంటే 693, 696, 698 అని పుస్తకానికో లెక్క. "ఏడువందల దాకా" అను, గొడవ వదిలిపోతుంది. ఊరి పేరు 2024లో శ్రీవిజయపురం అయింది. పాత సంగతులు రాసేటప్పుడు పోర్ట్‌బ్లెయిర్ అనే అను.

1933 నిరాహారదీక్షలో మహావీర్ సింగ్, మోహన్ కిశోర్ నామదాస్, మోహిత్ మొయిత్రా పోయారు. మహావీర్ సింగ్‌కి బలవంతంగా గొట్టంతో పోసిన పాలు ఊపిరితిత్తుల్లోకి వెళ్ళాయి. ఇంతే రాసి ఆపు. "అమరజీవి" తగిలించక్కర్లేదు.

ఫలకాల మీది పేర్లు ఫోటో తీసుకుంటే చాలదు, అక్కడే నిలబడి తెలుగులో రాసుకో. ఇంగ్లీషు అక్షరాల్లోంచి ఇంటికొచ్చాక తిప్పితే వేంకటాచారి వెంకటచరి అయిపోతాడు.

సాయంత్రం జైల్లో సౌండ్ అండ్ లైట్ ప్రదర్శన చూడాలనుంటే చూడు గానీ, నోట్‌బుక్కు నువ్వు దిగిన చోటే వదిలేసి వెళ్ళు. ఆ డైలాగులు తెలీకుండానే నీ వాక్యాల్లోకి దూరతాయి. చిత్తుప్రతి పంపేటప్పుడు నోట్‌బుక్కు పేజీల ఫోటోలు కూడా పంపు. ముందు కొలతలు చూస్తాను.