తల్లీ, గుడికి ఎన్నిసార్లు వెళ్తారు అన్న ఒక్క ప్రశ్న చాలదు

నువ్వు వాట్సాప్‌లో పంపిన థీసిస్ ఫారం రాత్రి కూర్చుని మొత్తం చదివానమ్మా. డిప్రెషన్ భాగం బాగుంది, కానీ భక్తి దగ్గరికొచ్చేసరికి గుడికో చర్చికో మసీదుకో ఎన్నిసార్లు వెళ్తారు అని ఒక్కటి అడిగి వదిలేశావేంటి?

నేను గుంటూర్లో ఓపీలో ఫారాలు నింపే రోజుల్లో ఒకావిడ వచ్చింది, అరవై దాటుంటాయి, ఆ ప్రశ్నకి "అసలు వెళ్ళనండి" అంది, నేను మొదటి గడిలో టిక్కు పెట్టేశా. తర్వాత మాటల్లో తెలిసింది, మోకాళ్ళు పట్టేసి మూడేళ్ళుగా ఏ గుడి మెట్టూ ఎక్కలేదంట, కానీ రోజూ తెల్లారుజామున నాలుగింటికే లేచి దుర్గమ్మ ఫొటో ముందు దీపం పెట్టి లలితా సహస్రనామం చదివితేగానీ కాఫీ కూడా తాగదంట. నా కాగితంలో మాత్రం ఆవిడకి భక్తే లేదు. ఆ టిక్కు ఇప్పటికీ బాధపెడతది నన్ను.

అందుకే డ్యూక్ యూనివర్సిటీ వాళ్ళ డ్యూరెల్ తీసుకో, భక్తిని కొలిచే చిన్న ప్రశ్నల పట్టిక అది. ఐదే ప్రశ్నలు: పదిమందితో కలిసి చేసేదానికి ఒకటి, ఇంట్లో ఒక్కళ్ళే చేసుకునేదానికి ఒకటి, లోపలి నమ్మకానికి మూడు. అన్నీ కలిపి ఒకే మార్కు వెయ్యొద్దు, దాన్ని తయారుచేసిన కోనిగ్ గారే మూడు భాగాల్నీ విడివిడిగా చూడమన్నారు. ఇంకోటి, డిప్రెషన్‌లో ఉన్న మనిషి మంచమే దిగడు, గుడికేం వెళ్తాడు? కష్టమొచ్చినోళ్ళేమో మొక్కులు పెంచుతారు. ఒక్కసారి అడిగిన లెక్క పట్టుకుని గుడికెళ్తే డిప్రెషన్ తగ్గుద్దని రాసెయ్యకు.

నెల కూడా చూసుకో. కార్తీకంలో అడిగితే సగం మంది భవానీ మాలలోనో అయ్యప్ప మాలలోనో ఉంటారు, ఫిబ్రవరిలో గుణదల మేరీమాత తిరునాళ్ళు. మామూలు రోజుల్లో ఎలా అని అడుగు, తేదీ రాసుకో.

కష్టాల్లో మనిషి దేవుణ్ణి ఎలా తలుచుకుంటాడో అడిగే పట్టిక, పార్గమెంట్ గారి బ్రీఫ్ ఆర్‌కోప్ కూడా పెడతానన్నావు, మంచిదే. 14 ప్రశ్నల్లో ఏడు దేవుడి వల్ల ధైర్యం వచ్చేవి, ఏడు దేవుడు వదిలేశాడా, శిక్షిస్తున్నాడా అనే దిగులువి. ఇక్కడే జాగ్రత్త తల్లీ. "ఏ జన్మలో ఏ పాపం చేశానో" అని మనవాళ్ళు బస్సు తప్పినా అంటారు. అది మాటవరసకా, నిజంగా లోపల తినేస్తోందా? "అలా అనిపించినప్పుడు రాత్రిళ్ళు నిద్ర పడుతోందా అమ్మా" అని నెమ్మదిగా అడుగు, ఆ జవాబు పక్కన విడిగా రాసుకో. ముందు ఓ పదిమంది దగ్గర కూర్చుని ఒక్కో ప్రశ్న వాళ్ళకి ఎలా అర్థమైందో వాళ్ళ మాటల్లోనే చెప్పించుకో.

విజయవాడలో నమ్మకం లేనోళ్ళు కూడా దొరుకుతారు, పటమటలో నాస్తిక కేంద్రం 1947 నుంచీ ఉంది. వాళ్ళకి తక్కువ మార్కులొచ్చాయని మనసులో ఏదో లోటుందని అనుకోకు.

ఈ ప్రశ్నలు తెలుగు చేసింది ఆదివారం తీసుకురా, ఇద్దరం పైకి చదువుదాం.

మీ పెద్దమ్మ